పాత ఇండోర్ హాల్లో కబడ్డీ ఫోటోలు: ఒక ఫ్రేమ్ పసుపు, ఇంకోటి ఆకుపచ్చ. వైట్ బ్యాలెన్స్ ఎక్కడ తప్పుతోంది?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. పదకొండేళ్ళుగా పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీస్తున్నాను. ఆటల ఫోటోలు ఈ మధ్యే మొదలుపెట్టాను, అదీ మా ఊరి హైస్కూల్ పీఈటీ మాస్టారు అడిగితే. పోయిన వారం జూనియర్ అమ్మాయిల కబడ్డీ పోటీలు రెండు రోజులు జరిగాయి. పాత హాలు. పైన రేకుల కప్పు, కప్పు నుంచి గంటల్లా వేలాడే పెద్ద లైట్లు, గోడలకి తర్వాతెప్పుడో బిగించిన ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు, వెలుతురు కోసం కప్పులో అక్కడక్కడా ఫైబర్ రేకులు. కింద నీలం, పసుపు మ్యాట్లు.

కెమెరా సెకండ్ హ్యాండ్‌లో కొన్న క్యానన్ 7డి మార్క్ 2, లెన్స్ 70-200 ఎఫ్ 2.8. షట్టర్ 1/800, ఐఎస్ఓ 6400, వైట్ బ్యాలెన్స్ (లైటు ఏ రంగులో ఉన్నా తెలుపు తెల్లగా వచ్చేలా చేసే సెట్టింగ్) ఆటో. మొదటి రోజు జేపెగ్‌లో తీశాను, రెండో రోజు ఒకాయన చెబితే రా (తర్వాత రంగు సరిచేసుకోడానికి వీలుగా కెమెరా పట్టినదంతా దాచే ఫైలు) పెట్టాను.

ఒకే రైడ్, ఒకే అమ్మాయి, నేను కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. అయినా వరుసగా కొట్టిన పది ఫ్రేముల్లో మొదటి మూడు బాగుంటాయి, ఆ తర్వాత మెల్లగా మసకబారుతూ నారింజ రంగులోకి దిగిపోతాయి, చివరికొచ్చేసరికి మళ్ళీ వెలుతురు వస్తుంది. కొన్నిట్లో పై సగం ఒక రంగు, కింది సగం ఇంకో రంగు. ఇది కాక, ఎడమ చివర ఆడుతుంటే ముఖాలు ఆకుపచ్చగా, నడి కోర్టులో పసుపుగా. టంగ్‌స్టన్ పెట్టి చూశా, ఫ్లోరోసెంట్ పెట్టి చూశా, 3600 కెల్విన్ (లైటు రంగుని చెప్పే అంకె) అని చేత్తో పెట్టి చూశా. లైట్‌రూమ్‌లో (ఫోటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్) ఒక ఫోటో సరిచేసి అవే మార్పులు అరవైకి సింక్ చేస్తే ఇరవై బాగుపడ్డాయి, మిగతావి ఇంకా పాడయ్యాయి.

గెలిచిన టీముకి 8x12 ప్రింట్లు వేసి ఇచ్చాను. రైడర్ వాళ్ళమ్మ ఫోటోని వెలుగు వైపు తిప్పి చాలాసేపు చూసి, "మా పిల్ల ఇట్లా ఉండదండీ, కామెర్లు వచ్చినట్టుంది" అన్నారు. ఆ అమ్మాయి ఎనిమిది పాయింట్లు తెచ్చిన రైడర్. ఆ మాట నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. మళ్ళీ వేసి ఇస్తానని మాటిచ్చాను. మూడు వారాల్లో అదే హాల్లో ఇంకో టోర్నమెంట్ ఉంది. తీసినవాటిని ఎలా బాగుచేయాలి, ఈసారి ఎలా తీయాలి, రెండూ చెప్పండి. ఫ్లాష్ వాడనివ్వరు, నేనూ వాడను, కూతలో ఉన్న పిల్ల కళ్ళలో లైటు కొట్టడం నాకిష్టం లేదు.

బెజవాడ స్ట్రింగర్

తమ్ముడూ, నువ్వు చెప్పినదాంట్లో రెండు జబ్బులున్నాయి, రెండిటికీ ఒకటే మందు వేస్తున్నావు, అందుకే తగ్గట్లేదు. ముందు ఏది ఏదో విడదీయి. రెండు రంగులొచ్చిన ఫ్రేములు తెరిచి, వాటిలో కెమెరా నిలువుగా పట్టుకుని తీసినవి వెతుకు. అడ్డంగా పట్టుకున్నప్పుడు రంగు తేడా పైకీ కిందకీ ఉండి, నిలువుగా పట్టుకున్నప్పుడు ఎడమకీ కుడికీ మారితే, అది హాల్లో తేడా కాదు, నీ షట్టర్ దగ్గర జరుగుతున్నది. కెమెరా ఎలా తిప్పినా ఆకుపచ్చ ఆ ఎడమ గోడ పక్కనే ఉంటే అది హాల్లో లైట్ల తేడా. మొదటిదానికి వైట్ బ్యాలెన్స్ ఎంత తిప్పినా లాభం లేదు.

మొదటి జబ్బు ఫ్లికర్. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే పాతరకం చోక్ ఉన్న ట్యూబులు, మెటల్ హలైడ్, మెర్క్యురీ, సోడియం లైట్లన్నీ సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతాయి. ఒక్కో ఊపుకి 10 మిల్లీసెకన్లు. మన కంటికి అది తెలియదు. 1/800 అంటే ఒకటింపావు మిల్లీసెకను, ఆ ఊపులో ఎనిమిదో వంతు మాత్రమే నీ ఫ్రేములోకి వస్తుంది. అది శిఖరం దగ్గర పడితే ఫోటో తెల్లగా వెలుతురుగా వస్తుంది, అడుగున పడితే మసక. మసకొక్కటే అయితే ఎక్స్‌పోజర్ పెంచుకుని ఊరుకోవచ్చు, కానీ లైటు తగ్గేటప్పుడు దాని రంగు కూడా మారుతుంది. ట్యూబులైటునే తీసుకో, కరెంటు తగ్గినప్పుడు లోపలి నీలం వెలుగు ముందు పోతుంది, పూత మీద మిగిలిన ఎరుపు పసుపు వెలుగు కొంచెం ఆలస్యంగా ఆరుతుంది. నీ నారింజ ఫ్రేములు అవే.

మెల్లగా మారుతున్నాయన్నావు కదా, దానికీ లెక్క ఉంది. నీ కెమెరా సెకనుకి 10 ఫ్రేములు కొడుతుంది, అంటే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 100 మిల్లీసెకన్లు, దాదాపు సరిగ్గా పది ఊపులు. సరిగ్గా పదే అయితే అన్నీ ఒకే రంగులో వచ్చేవి. కెమెరా వేగంలో కొద్ది తేడా, కరెంటు కూడా 50కి కాస్త అటూ ఇటూ ఊగుతూ ఉండడం, అందుకే ప్రతి ఫ్రేమూ కొంచెం కొంచెం జరుగుతూ శిఖరం నుంచి అడుగుకీ అడుగు నుంచి శిఖరానికీ వెళ్తోంది. సెకనుకి 8 కొట్టే కెమెరా అయితే మధ్యలో పన్నెండున్నర ఊపులు, ఒకటి వెలుగు ఒకటి మసకగా వచ్చేవి. పైసగం కిందిసగం సంగతీ ఇదే. 1/800 అన్నా కూడా షట్టర్ తెర ఫ్రేము మొత్తం దాటడానికి దాదాపు 1/250 సెకను పడుతుంది, ఆలోపు లైటు దిగిపోతుంది.

నీ దగ్గర ఉన్న కెమెరాలోనే మందు ఉంది. 2014లో క్యానన్ మొదటిసారి యాంటీ ఫ్లికర్ ఇచ్చింది ఆ 7డి మార్క్ 2లోనే. మెనూలో యాంటీ ఫ్లికర్ షూట్ అని ఉంటుంది, ఎనేబుల్ చెయ్యి. అది లైటు ఊపుని కనిపెట్టి, ప్రతిసారీ శిఖరం దగ్గరే షట్టర్ తెరుస్తుంది. నువ్వు బటన్ నొక్కాక వెంట్రుకవాసి ఆలస్యం ఉంటుంది, వేగం కూడా కొంచెం తగ్గుతుంది. కబడ్డీలో రైడర్ కాలు విసిరే క్షణాన్ని ముందే ఊహించి నొక్కాలి కాబట్టి ఆ ఆలస్యానికి ఒకపూట అలవాటు పడు. వ్యూఫైండర్‌లో ఫ్లికర్ అని అక్షరాలు కనిపిస్తాయి, వాటిని పట్టించుకో.

అది ఆన్ చేశాకే వైట్ బ్యాలెన్స్. ఆటో వద్దు, ఫ్రేములో పసుపు మ్యాట్ ఎక్కువైతే ఒకరకంగా, నీలం జెర్సీ ఎక్కువైతే ఇంకోరకంగా మారుతుంది. కస్టమ్ పెట్టు. గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిదరంగు అట్ట) తీసుకుని ఆట మొదలవకముందు కోర్టులోకి వెళ్ళు, బాక్ లైనుకీ బోనస్ లైనుకీ మధ్య, ముఖం ఎత్తులో పట్టించు, నువ్వు కూర్చునే చోటు నుంచే కార్డు ఫ్రేము మధ్యలో నిండేలా తీయి. మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కి వెళ్ళి ఆ ఫోటో ఎంచుకో, ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్ గుర్తుని కూడా కస్టమ్ మీదకి మార్చు, ఈ రెండో పని చాలామంది మరచిపోతారు. యాంటీ ఫ్లికర్ ఆన్‌లో ఉంటే కార్డుని కూడా 1/800 దగ్గరే ఐదారు తీసి, ఒకేలా వచ్చినవాటిలో ఒకటి వాడు. యాంటీ ఫ్లికర్ లేని కెమెరా వాళ్ళు మాత్రం కార్డుని 1/50 లేదా 1/100 దగ్గర తీయాలి, అప్పుడు ఊపు మొత్తం పట్టుబడి సగటు రంగు వస్తుంది. 1/800 దగ్గర ఒక్కటే తీసి ఏ అడుగునో పడితే, కెమెరా ఆ నారింజని తీసేయబోయి రోజంతా నీలం ఫోటోలే.

కార్డు లేదని ఏ4 కాగితం పట్టుకోవద్దు. తెల్లగా మెరవడానికి కాగితంలో కలిపే పదార్థాలుంటాయి, కొన్ని లైట్ల కింద అది నీలంగా వెలుగుతుంది.

మెకానిక్ కాదు ఎలక్ట్రీషియన్

అన్న చెప్పింది కరెక్ట్. నేను ఓరుగల్లులో ఇట్లాంటి హాళ్ళకి లైటింగ్ మెయింటెనెన్స్ చేస్తా, లైట్ల వైపు నుంచి నాలుగు మాటలు.

గంటల్లాంటివి అంటున్నారు కాబట్టి అవి ఎక్కువగా మెటల్ హలైడ్ అయి ఉంటాయి, లేదా ఇంకా పాతవైతే మెర్క్యురీ. మెటల్ హలైడ్ కొత్తలో మంచి తెలుపే. పాతబడేకొద్దీ ఒక్కో బల్బు ఒక్కో దారి పడుతుంది, ఒకటి ఆకుపచ్చకి, ఒకటి గులాబీకి. మాడిపోయినప్పుడు మాడిన ఒక్కదాన్నే మారుస్తాం తప్ప వరుస మొత్తం మార్చరు, బిల్లు పాస్ కాదు. అందుకే మీ ఎడమ చివర అట్లా ఉంది. ఆట లేనప్పుడు పైకి చూస్తే మీకే కనపడుతుంది, ఏది ఏ రంగో ఒక కాగితం మీద గీసుకోండి.

మెర్క్యురీ అయితే ఇంకో మాట. దాంట్లో ఎరుపు చాలా తక్కువ. లైటులోనే లేని రంగుని కెమెరా ఎక్కడి నుంచి తెస్తుంది? ఎర్ర జెర్సీ ఇటుక రంగులో వస్తుంది, పెదాలు గోధుమ రంగులో వస్తాయి. సోడియం ఇంకా ఘోరం, దాదాపు 2000 కెల్విన్, చాలా కెమెరాల్లో కెల్విన్ సెట్టింగ్ 2500 దగ్గరే ఆగిపోతుంది.

ఫేజుల సంగతి కూడా తెలుసుకోండి. సరిగ్గా వైరింగ్ చేసిన హాల్లో పక్కపక్క లైట్లని మూడు ఫేజులకీ పంచుతాం. ఒకటి తగ్గేటప్పుడు ఇంకోటి పెరుగుతుంది, కాబట్టి కోర్టు మీద ఊపు చాలావరకు కలిసిపోతుంది. రిపేర్లలో ఎవరో వచ్చి అన్నీ ఒకే ఫేజ్ మీద వేసేస్తే అన్నీ ఒకేసారి తగ్గుతాయి. మీ హాల్లో అదే జరిగినట్టుంది. ఫోన్లో స్లో మోషన్ వీడియో పెట్టి, సెకనుకి 240 ఫ్రేములు ఉంటే మంచిది, కప్పు వైపు తిప్పి పది సెకన్లు తీయండి. ఏ లైట్లు కొట్టుకుంటున్నాయో, ఏవి నిలకడగా ఉన్నాయో తెలిసిపోతుంది. ఎల్ఈడీ అంటే ఫ్లికర్ ఉండదని అనుకోవద్దు, చవక డ్రైవర్ (ఎల్ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) వేసినవి ఇవే ట్యూబుల్లా 100 సార్లు కొట్టుకుంటాయి.

కరెంటు పోయి వస్తే మాత్రం ఆగండి. వేడిగా ఉన్న మెటల్ హలైడ్ వెంటనే అంటుకోదు, పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు, అంటుకున్నాక కూడా పూర్తి వెలుగుకి వచ్చేదాకా రంగు మారుతూనే ఉంటుంది. ఆ టైంలో కార్డు తీస్తే పనికిరాదు.

క్లిక్ చెయ్ వదిలెయ్

ఇంత గోల ఎందుకు అన్నా, రా లో తీసి ఆటో వైట్ బ్యాలెన్స్ పెట్టేయ్, తర్వాత లైట్‌రూమ్‌లో చూసుకోవచ్చు కదా. నేను అట్లాగే చేస్తా.

బెజవాడ స్ట్రింగర్

బ్రో, నువ్వు తీసే చోట లైటు ఒకేలా ఉంటే అది నడుస్తుంది. 2009 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగిన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం లాంటి చోట, టీవీ కోసం లైటింగ్ పెట్టినప్పుడు, రంగు గురించి ఆలోచించకుండా రోజంతా తీయొచ్చు, నేనూ తీశాను. కానీ ఇక్కడ 1,200 ఫ్రేములకి 1,200 రంగులొస్తాయి, ఆటో దానికి తోడు తన లెక్క తను కలుపుతుంది. నాకు హాఫ్ టైమ్ ఐదు నిమిషాల్లో మూడు ఫోటోలు పేపరు డెస్కుకి పంపాలి, అక్కడ జేపెగ్ తప్ప వేరే దారి లేదు. రా ఉన్నా కూడా, పసుపు లైటులో ఎరుపు ఛానల్ ముందే నిండిపోయి కొట్టేస్తే ఆ వివరం రా లోనూ ఉండదు. కెమెరా వెనక మామూలు హిస్టోగ్రామ్ కాకుండా ఆర్జీబీ హిస్టోగ్రామ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురుని విడివిడిగా చూపే గ్రాఫ్) పెట్టుకో, ఎరుపు కుడి గోడకి గుద్దుకుంటుంటే కొంచెం తగ్గించి తీయి. రంగు స్థిరంగా తప్పితే ఒకే దెబ్బలో సరిచేయొచ్చు, ఫ్రేముకోరకంగా తప్పితే రాత్రంతా కూర్చోవాలి.

ఆల్బమ్ డిజైనర్ అక్క

గోదారిగట్టు గారూ, తీసినవాటి సంగతి నేను చెప్తాను. నాకు రోజూ పది మంది ఫోటోగ్రాఫర్ల ఫైళ్ళు వస్తాయి, ఇలాంటి హాలు ఫోటోలు కూడా.

టైమ్ ప్రకారం సింక్ చేయడం ఆపేయండి. గ్రిడ్‌లో చిన్న బొమ్మలుగా పరిచి, కంటికి ఒకేలా కనిపించేవాటిని విడివిడి కుప్పలు చేయండి. రంగు లేబుల్ పెట్టుకుంటే సులువు. వెలుతురుగా వచ్చినవి ఒక కుప్ప, నారింజ మసకవి ఒకటి, ఎడమ చివర ఆకుపచ్చవి ఒకటి, రెండు రంగుల ఫ్రేములు వేరే. మొదటి కుప్పలోనే మీకు కావలసిన ఫోటోలు ఎక్కువ దొరుకుతాయి, ప్రింట్ల కోసం అందులోంచే ఏరండి. నారింజ కుప్పలో మరీ గొప్ప క్షణం ఉంటే తప్ప దాని మీద టైమ్ పెట్టొద్దు.

ఒక్కో కుప్ప నుంచి ఒక ఫోటో తీసుకుని డ్రాపర్ (నొక్కిన చోటు ఏ రంగూ లేనిదనుకుని ఫోటో రంగు సరిచేసే పనిముట్టు) పెట్టండి. ఎక్కడ పెడతారన్నదే అసలు విషయం. తెల్ల జెర్సీ మీద పెట్టొద్దు. మన ఇళ్ళల్లో తెల్లబట్టలకి నీలం మందు పెడతాం, సబ్బు పొడిలో కూడా తెల్లగా మెరిపించేవి ఉంటాయి, అది తెలుపు కాదు, లేత నీలం. దాన్ని తెలుపు అనుకుని డ్రాపర్ పెడితే ఫోటో మొత్తం పసుపెక్కుతుంది. మ్యాట్ మీద లైన్లు ఉన్నాయి కదా, ఆ అమ్మాయి నిలబడ్డ చోటుకి దగ్గరలో కాస్త శుభ్రంగా ఉన్న తెల్ల లైన్ మీద పెట్టండి. అది మొదటి అడుగు మాత్రమే. తర్వాత ముఖం దగ్గరికి జూమ్ చేసి కంటి తెల్లగుడ్డు చూడండి, కూత పెట్టినప్పుడు పళ్ళు కనిపిస్తాయి, అవి చూడండి. అవి ఆకుపచ్చగా ఉంటే టింట్ స్లైడర్‌ని (ఆకుపచ్చకీ మెజెంటాకీ మధ్య జరిపేది) మెజెంటా వైపు జరపండి. చాలామంది టెంపరేచర్ మాత్రమే జరిపి టింట్ ముట్టుకోరు. ఈ లైట్ల కింద అసలు తప్పు ఎక్కువగా టింట్‌లోనే ఉంటుంది.

ఇక చర్మం. చెంప మీద కర్సర్ పెడితే లైట్‌రూమ్‌లో మూడు అంకెలు కనిపిస్తాయి. మన పిల్లల ఛాయకి ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ దానికంటే బాగా తక్కువ, నీలం ఇంకా తక్కువ ఉండాలి. ఉదాహరణకి 58, 43, 34 అలా ఉంటే బాగుంది. 55, 52, 28 లాగా ఎరుపూ ఆకుపచ్చా దగ్గరకొచ్చేసి నీలం పడిపోతే అదే ఆ తల్లి చెప్పిన కామెర్ల రంగు. కచ్చితమైన అంకెలంటూ ఏమీ లేవు, మనిషి మనిషికీ మారుతుంది, ఆ వరస మాత్రం మారదు.

ఒక మాట గట్టిగా చెప్తున్నాను, ఏమీ అనుకోవద్దు. పెళ్ళి ఫోటోల చేయి అలవాటు కొద్దీ ముఖాలు తెల్లబరచకండి. పసుపు తీసేసే ఊపులో ఎక్స్‌పోజర్ పెంచి, నారింజ లుమినెన్స్ పెంచి, చామనఛాయ పిల్లని గులాబీ పిల్లని చేసేస్తారు. ఆవిడ అడిగింది తెల్లటి అమ్మాయిని కాదు, తన అమ్మాయిని. స్కూల్ గ్రౌండులో ఎండలో తీసిన ఆ పిల్ల ఫోటో ఒకటి మాస్టారి ఫోన్లో ఉంటుంది, అడిగి పక్కన పెట్టుకుని సరిచేయండి. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

రెండు రంగుల ఫ్రేములకి లీనియర్ గ్రేడియెంట్ వేయండి, తేడా మొదలయ్యే చోట గీత పెట్టి, మసక భాగంలో ఎక్స్‌పోజర్ కొంచెం పెంచి, టెంపరేచర్ నీలం వైపు జరపండి. ముఖం మీదుగా గీత పోతే మాత్రం ఆ ఫోటో వదిలేయండి.

మొదటి రోజు జేపెగ్‌లు అంత తేలిక కాదు. అందులో కెల్విన్ అంకెలు రావు, మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా ఉండే స్లైడరే. ఎక్కువ లాగితే నీడల్లో నీలం చుక్కలు లేస్తాయి. ఇలాంటి లైటులో నీలం ఛానల్‌కి అసలే వెలుతురు తక్కువ అందుతుంది, దాన్ని మనం పైకి గుంజుతున్నాం మరి. సగం దాకా సరిచేసి, మిగతాది పసుపు, నారింజ శాచురేషన్ తగ్గించి సరిపెట్టండి. మరీ మొండివి ఒకటో రెండో నలుపు తెలుపు చేయండి. అన్నీ చేసేయొద్దు, ఏ టీము ఏ రంగు జెర్సీయో పిల్లలకి కావాలి.

డాలస్ వాలీబాల్ నాన్న

మా అమ్మాయి ఇక్కడ స్కూల్ జిమ్‌లో వాలీబాల్ ఆడుతుంది, ఇదే తిప్పలు నేనూ పడ్డాను. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. యూట్యూబ్‌లో ఇంగ్లిష్ వీడియోలు చాలావరకు అమెరికా వాళ్ళవి. ఇక్కడ కరెంటు 60 హెర్ట్జ్, లైట్లు సెకనుకి 120 సార్లు కొట్టుకుంటాయి, కాబట్టి వాళ్ళు కార్డుకి 1/60, 1/125 చెప్తారు. ఆ అంకెలు అక్కడ పనిచేయవు, మీకు 1/50, 1/100. పోయిన సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు మా మేనల్లుడి షటిల్ మ్యాచ్‌కి ఇక్కడి అలవాటుతో 1/125 పెట్టి కార్డు తీసి, సాయంత్రమంతా కొద్దిగా తేడా రంగులో తీసుకొచ్చాను, కారణం ఆ రాత్రి గానీ తట్టలేదు. యాంటీ ఫ్లికర్ మాత్రం రెండిటినీ తనే కనిపెడుతుంది.

గోదారిగట్టు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం ప్రాక్టీసుకి వెళ్ళొచ్చాను, ఏం జరిగిందో రాస్తున్నాను.

ముందు పాత ఫ్రేములు చూశాను. స్ట్రింగర్ అన్న చెప్పినట్టే, నిలువు ఫోటోల్లో తేడా ఎడమ కుడులకి మారింది, అంటే షట్టర్ దగ్గరదే. ఎడమ చివర ఆకుపచ్చ మాత్రం కెమెరా ఎటు తిప్పినా అక్కడే ఉంది. రెండు జబ్బులూ ఉన్నాయి.

స్లో మోషన్ వీడియోలో గంటలన్నీ ఒకేసారి కొట్టుకుంటున్నాయి. గోడ ఎల్ఈడీల్లో నాలుగు నిలకడగా ఉన్నాయి, ఎడమ వైపు రెండు కొట్టుకుంటున్నాయి. హాలు చూసుకునే పెద్దాయన్ని అడిగితే, రెండేళ్ళ కిందట ఒక ఫేజ్ కాలిపోతే లైట్లన్నీ ఇంకోదాని మీదకి మార్చారని చెప్పారు. ఎలక్ట్రీషియన్ అన్న చూడకుండానే చెప్పాడు.

యాంటీ ఫ్లికర్ ఆన్ చేసి అదే 1/800 దగ్గర వరసగా పది కొట్టాను. పదీ ఒకే రంగు. వెనక స్క్రీన్ మీద ఒక్కొక్కటీ జరుపుతూ చూస్తుంటే నమ్మబుద్ధి కాలేదు, ఆపేసి మళ్ళీ పది కొట్టాను, మళ్ళీ నారింజ వచ్చింది. మళ్ళీ ఆన్ చేశాను. వేగం కొంచెం తగ్గినట్టు చేతికి తెలుస్తోంది కానీ ఇబ్బంది లేదు. శిఖరం దగ్గరే తీస్తోంది కాబట్టి వెలుతురు కూడా పెరిగింది, ఐఎస్ఓ 5000కి తగ్గించగలిగాను.

గ్రే కార్డుతో నడి కోర్టులో కస్టమ్ పెడితే లైట్‌రూమ్‌లో 3900, టింట్ ప్లస్ 21 చూపించింది. అదే కార్డు ఎడమ చివర 4350, టింట్ ప్లస్ 37. నేను ఇన్నాళ్ళూ కెల్విన్ ఒక్కదాన్నే తిప్పుతూ ఉన్నాను, టింట్ సున్నా దగ్గరే ఉంది! కెమెరాలో నడి కోర్టుది ఉంచి, ఎడమ చివరకి లైట్‌రూమ్‌లో ప్రీసెట్ చేసుకున్నాను. నాలుగున్నరకి ఫైబర్ రేకుల్లోంచి ఇంకా పగటి వెలుతురు దిగుతోంది, ఆరున్నర దాటాక కార్డు మళ్ళీ తీస్తే అంకెలు మారాయి. టోర్నమెంట్ రోజు కూడా రెండుసార్లు తీస్తాను.

ఆ అమ్మాయి ఫోటో రెండో రోజు రా ఫైళ్ళ నుంచి వెలుతురు కుప్పలోది తీసుకుని, మాస్టారి ఫోన్లో ఎండలో దిగిన ఫోటో పక్కన పెట్టుకుని చేశాను. కుడికాలు గీత దాటేలా చాచి, ఎడమ మోకాలు మ్యాట్‌కి ఆనించి, వెనక ఇద్దరు నడుం పట్టుకుని లాగుతుంటే వేళ్ళ చివర్లతో గీత అందుకుంటున్న ఫోటో. నుదుటి మీద చెమట, ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ, మొదటి ప్రింటులో అది కనపడనే లేదు. నిన్న వాళ్ళింటికి వెళ్ళి ఇచ్చాను. వాళ్ళమ్మ చూసి ఏమీ అనలేదు. ఫోటోని పమిట చెంగుతో ఒకసారి తుడిచి, దేవుడి పటం పక్కన గూట్లో పెట్టారు.

ఇంకొక్క సందేహం మిగిలింది. పట్టు పడి కింద పడినప్పుడు గడ్డం కింద, దవడ మీద నీలం కొడుతోంది, మ్యాట్ రంగు. మిగతా ముఖం సరిగ్గానే ఉంది. దీనికేమైనా దారి ఉందా?

ఆల్బమ్ డిజైనర్ అక్క

చాలా సంతోషమండీ. పుట్టుమచ్చ మాట చదివి కళ్ళు చెమ్మగిల్లాయి.

మ్యాట్ నీలానికి మొత్తం ఫోటో వైట్ బ్యాలెన్స్ ముట్టుకోకండి, నుదురు పాడవుతుంది. దవడ కింద బ్రష్‌తో చిన్న మాస్క్ వేసి, అంచు మెత్తగా ఉంచి, టెంపరేచర్ ప్లస్ 8, 10 దాకా పెంచి, శాచురేషన్ కొంచెం తగ్గించండి. మొత్తం పోగొట్టాలని చూస్తే గడ్డం అతికించినట్టు అవుతుంది, సగం పోతే చాలు. ఆ అమ్మాయి నీలం మ్యాట్ మీదే కదా పడింది.

బెజవాడ స్ట్రింగర్

తమ్ముడూ, టోర్నమెంట్ రోజు కూర్చునే చోటు కూడా మార్చి చూడు. ఎడమ గోడకి ఎదురుగా కాకుండా ఆ మూలకి వీపు పెట్టి కూర్చుంటే, నీకు ఎక్కువగా కనపడేది నడి కోర్టూ కుడి సగమే, ఆ ఆకుపచ్చ ముఖాలు చాలావరకు నీ ఫ్రేములోకే రావు. సెకండ్ హాఫ్‌లో టీములు కోర్టు మారతాయి కాబట్టి రెండు వైపుల రైడర్లూ నీకు దొరుకుతారు. కార్డుని కెమెరా బ్యాగుకి తాడుతో కట్టుకో, ఆరున్నరకి దాన్ని వెతుక్కునే టైమ్ ఉండదు.